జర్మనీయా, ఫిన్లాండా? హైస్కూలు పిల్లల మీద ఏ ప్రభుత్వం ఎక్కడ ఖర్చు పెడుతోంది

యూరప్‌లో ఉద్యోగం వస్తే జీతం, ట్యాక్స్, వీసా, ఇంటి అద్దె లెక్కలు అందరూ వేసుకుంటారు. ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలుంటే ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఆ దేశ ప్రభుత్వం హైస్కూలు చదువు మీద ఎంత పెడుతోంది, అందులో మన పిల్లల దాకా వచ్చేదెంత అన్నది. "యూరప్ కదా, గవర్నమెంటు స్కూళ్లు బాగానే ఉంటాయిలే" అని చాలామంది దీన్ని వదిలేస్తారు. బాగానే ఉంటాయి, నిజమే. అయితే ఒక్కో దేశం ఒక్కో వయసు పిల్లల మీద ఎక్కువ డబ్బు పెడుతుంది. పన్నెండేళ్ల అమ్మాయికి చక్కగా పనికొచ్చే దేశం, పదహారేళ్ల అబ్బాయికి అంతగా కలిసి రాకపోవచ్చు.

ఇక్కడ రెండు దేశాలనే తీసుకుంటున్నాను. ఒకటి జర్మనీ. ఐటీ ఉద్యోగాల మీద మనవాళ్లు ఎక్కువగా వెళ్తున్న దేశాల్లో ఒకటి. రెండోది ఫిన్లాండ్. హెల్సింకి, ఎస్పోల్లో మన కుటుంబాలు జర్మనీలో ఉన్నన్ని ఉండవు. కానీ స్కూలు చదువు గురించి మాట వచ్చినప్పుడల్లా ముందు వినపడేది ఆ దేశం పేరే. రెండు చోట్లా ఆఫర్ ఉండి తేల్చుకోలేకపోతున్నవాళ్ల కోసం, లేదా ఇప్పటికే ఒక చోట ఉండి రెండో దేశానికి మారదామా అని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పైకి కనిపించే అంకెలు

యూరప్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ ఇటీవలి లెక్కల్లో ఫిన్లాండ్ ప్రభుత్వం మొత్తం విద్య మీద పెట్టే ఖర్చు జీడీపీలో 5.5 శాతం దాటుతుంది. జర్మనీలో అది 4.5 శాతం దగ్గర ఉంటుంది. ఇది చూసి చాలామంది అక్కడికక్కడే ఫిన్లాండ్ అని తేల్చేస్తారు. తొందరపడొద్దు. జీడీపీలో వాటా అంటే నర్సరీ నుంచి యూనివర్సిటీ దాకా అంతా కలిసిన లెక్క. పిల్లల సంఖ్య ఎక్కువైతే వాటా పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. ఒక్క పిల్ల మీద ఎంత పెడుతున్నారో అది చెప్పదు.

ఒక్కో విద్యార్థి లెక్క చూద్దాం. జర్మనీ గణాంక శాఖ ప్రకారం ప్రభుత్వ స్కూళ్లలో ఒక్కో విద్యార్థి మీద 2021లో సగటున 9,200 యూరోలు, 2022లో 9,500 యూరోలు ఖర్చయ్యాయి. ఇందులో ఒక సంగతి గమనించాలి. జర్మనీలో టీచర్లు చాలామంది శాశ్వత ప్రభుత్వోద్యోగులు. వాళ్లకు తర్వాత ఇవ్వాల్సిన పెన్షన్ భారాన్ని కూడా అంచనా కట్టి ఈ అంకెలో కలుపుతారు. అంటే 9,500లో కొంత భాగం క్లాసురూము ముఖం చూడదు.

అంతకన్నా ముఖ్యమైనది, ఇది దేశ సగటు. జర్మనీలో విద్య రాష్ట్రాల చేతిలో ఉంటుంది. మొత్తం 16 రాష్ట్రాలు. టీచర్ల జీతాలు రాష్ట్రం ఇస్తుంది, బిల్డింగులు, బెంచీలు, హీటింగు మున్సిపాలిటీ చూసుకుంటుంది. కేంద్రం సాధారణంగా చేయి పెట్టదు. ప్రత్యేక పథకం ఉంటేనే వస్తుంది. 2019లో స్కూళ్లలో కంప్యూటర్లు, ఇంటర్నెట్ కోసం 500 కోట్ల యూరోల డిజిటల్ ఒప్పందం అలా వచ్చిందే. 2024 ఆగస్టులో మొదలైన స్టార్ట్‌షాన్సెన్ పథకమూ అంతే. పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న సుమారు 4,000 స్కూళ్లకు పదేళ్లలో కేంద్రం, రాష్ట్రాలు చెరి సగం వేసుకుని 2,000 కోట్ల యూరోలు ఇస్తాయి. మిగతా రోజువారీ ఖర్చంతా రాష్ట్రం, ఊరు భరించాల్సిందే. అందుకే బెర్లిన్, హాంబర్గ్ ఒక్కో విద్యార్థి మీద పెట్టే ఖర్చు జాబితాలో పైన ఉంటాయి. కొలోన్, డ్యూసెల్‌డార్ఫ్ ఉన్న నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా అడుగున ఉంటుంది. పైకీ అడుక్కీ మధ్య తేడా ఏడాదికి వేల యూరోల్లో ఉంటుంది. కాబట్టి "జర్మనీ వెళ్తున్నాం" అంటే సరిపోదు. ఏ రాష్ట్రానికి అన్నది చెప్పకపోతే సగం లెక్క తేలదు.

ఫిన్లాండ్‌లో ఈ గొడవ తక్కువ. స్కూళ్లు నడిపేది మున్సిపాలిటీలే, డబ్బులో కొంత వాళ్ల పన్నుల నుంచి, కొంత కేంద్రం నుంచి వస్తుంది. ఎక్కడో లాప్‌లాండ్‌లో మంచు మధ్య ఉన్న చిన్న ఊరికి కూడా జనసాంద్రత, పిల్లల వయసు, పరాయి భాష మాట్లాడేవాళ్ల సంఖ్య లాంటివన్నీ చూసి కేంద్రం సొమ్ము లెక్కగడుతుంది. ఊరు మారితే స్కూలు పూర్తిగా మారిపోయే పరిస్థితి అక్కడ తక్కువ.

సెకండరీ అంటే ఏ వయసు?

అంకెలు పక్కపక్కన పెట్టేముందు ఇది తేల్చుకోవాలి. లేకపోతే పోలిక తప్పుదారి పడుతుంది.

జర్మనీలో ఎక్కువ రాష్ట్రాల్లో ప్రైమరీ స్కూలు నాలుగేళ్లే. పదేళ్లకు, అంటే 5వ తరగతి నుంచే సెకండరీ. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్‌లో మాత్రం ప్రైమరీ ఆరేళ్లు. ఫిన్లాండ్‌లో ఏడేళ్లకు బడిలో చేరిన పిల్లలు 1 నుంచి 9వ తరగతి దాకా ఒకే రకమైన బడిలో చదువుతారు. దాన్ని పెరుస్‌కౌలు అంటారు. అంతర్జాతీయ లెక్కల్లో అందులో 7, 8, 9 తరగతుల్నే దిగువ సెకండరీ కింద రాస్తారు. అంటే జర్మనీ దిగువ సెకండరీ అంకెలో ఆరేళ్ల చదువు ఖర్చు సగటు ఉంటుంది, ఫిన్లాండ్ అంకెలో మూడేళ్లదే ఉంటుంది. అదీ సబ్జెక్టు టీచర్లు, ల్యాబులు, వర్క్‌షాపులు అన్నీ ఉండే ఖరీదైన మూడేళ్లు.

ఈ తేడా గుర్తుపెట్టుకుని చూసినా, ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి ఓఈసీడీ లెక్కల్లో ఒక విషయం స్పష్టంగా కనపడుతుంది. ఏళ్ల తరబడి ఇదే వరస. చాలా దేశాల్లో పిల్లలు పెద్దవాళ్లయ్యేకొద్దీ ఒక్కొక్కరి మీద ఖర్చు పెరుగుతుంది. జర్మనీ అలాగే చేస్తుంది. పదహారు దాటినవాళ్ల మీద ఖర్చు దిగువ సెకండరీ కన్నా స్థూలంగా పావు వంతు ఎక్కువ. ఫిన్లాండ్ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ 13 నుంచి 16 ఏళ్ల మధ్య పిల్లల మీద పెట్టే ఖర్చు, పదహారు దాటినవాళ్ల మీద పెట్టే ఖర్చుకు ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది.

టీచర్ల సంఖ్య చూసినా ఇదే తేలుతుంది. దిగువ సెకండరీలో ఫిన్లాండ్‌లో సుమారు 9 మంది పిల్లలకు ఒక టీచరు, జర్మనీలో సుమారు 13 మందికి ఒకరు. పై సెకండరీకి, అంటే పదహారు దాటాక చదివే చదువుకు వచ్చేసరికి వరస తిరగబడుతుంది, జర్మనీయే మెరుగ్గా ఉంటుంది. మొదటి బడి నుంచి పదిహేనేళ్ల దాకా మొత్తం కలిపి, రెండు దేశాల ధరల తేడా సర్దిన కొనుగోలు శక్తి లెక్కలో చూస్తే రెండు దేశాల మధ్య అంత పెద్ద దూరం ఉండదు. ఎప్పుడు పెట్టారన్న దగ్గరే తేడా అంతా ఉంది. నా సలహా మొత్తం దీనిమీదే ఆధారపడి ఉంది, అందుకే ఇంత సాగదీసి చెప్పాను.

ఫిన్లాండ్ 13 ఏళ్ల పిల్ల మీద దేనికి పెడుతుంది

హెల్సింకిలో ఒక మామూలు 7వ తరగతి పిల్ల రోజు చూడండి. పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో క్యాంటీన్‌లో వేడి భోజనం పెడతారు. ఒక కూర, బంగాళాదుంపలు లేదా పాస్తా, సలాడ్, వెన్న రాసిన రొట్టె, పాలు. శాకాహారం వేరుగా ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు. పేద, ధనిక తేడా లేదు, కార్డు చూపించక్కర్లేదు. ఈ చట్టం 1943లో చేశారు, 1948 నుంచి అమల్లో ఉంది. యుద్ధంలో ఉన్న దేశం, తిండికే కటకటగా ఉన్న రోజుల్లో ఆ నిర్ణయం తీసుకుంది. నాకు ఆ దేశం మీద గౌరవం కలిగిన మొదటి సంగతి ఇదే.

7వ తరగతిలో కోటితలౌస్ అనే సబ్జెక్టు ఆడపిల్లలకూ మగపిల్లలకూ తప్పనిసరి. ఇంటిపనుల పాఠం అన్నమాట. నాలుగైదు స్టవ్వులున్న గదిలో పిల్లలు చిన్న బృందాలుగా విడిపోయి పిండి కలుపుతారు, సూప్ చేస్తారు, గిన్నెలు కడుగుతారు, చెత్త వేరుచేస్తారు. సరుకులన్నీ మున్సిపాలిటీవే. చెక్కపని, కుట్టుపని గదులు కూడా ఇలాగే. 35 మందిని ఒక గదిలో కూర్చోబెట్టి చెప్పే పాఠాలు కావు ఇవి. చిన్న బృందం కావాలి, ఎక్కువమంది టీచర్లు కావాలి. ఒక్కో పిల్ల మీద ఖర్చు ఎందుకు పెరుగుతుందో ఆ వంటగదిలోకి తొంగిచూస్తే అర్థమవుతుంది.

పాఠంలో వెనకబడిన పిల్లల్ని వేరే గదిలోకి తీసుకెళ్లి చెప్పే ప్రత్యేక టీచర్లకూ డబ్బు గట్టిగానే పోతుంది. దీన్ని అక్కడ ఎవరూ చిన్నతనంగా అనుకోరు. ఈ సహాయం అందించే పద్ధతిని 2025 ఆగస్టు నుంచి కొత్త చట్టంతో మార్చారు. ఇంకా ఓపో అని పిలిచే గైడెన్స్ టీచరు ఉంటారు. 9వ తరగతి తర్వాత ఏం చదవాలో తేల్చుకోడానికి 7 నుంచి 9 దాకా కలిపి 76 గంటల పాఠాలు టైంటేబుల్‌లోనే ఉంటాయి. 670 మందికి ఒక సామాజిక కార్యకర్త, 780 మందికి ఒక సైకాలజిస్టు ఉండాలని చట్టమే చెబుతుంది. సైకాలజిస్టుల పోస్టులు అన్నిచోట్లా నిండటం లేదు. అది కూడా నిజమే.

బడి ఐదు కిలోమీటర్లు దాటితే రవాణా ఉచితం. పుస్తకాలు ఉచితం. 2021 ఆగస్టులో నిర్బంధ విద్యను 18 ఏళ్ల దాకా పెంచాక పై సెకండరీలో కూడా పుస్తకాలు, ల్యాప్‌టాప్, చివరి బోర్డు పరీక్షకు రాసే మొదటి ఐదు పేపర్ల ఫీజు అన్నీ ప్రభుత్వమే ఇస్తోంది. పిల్లలకు 20 ఏళ్లు నిండే సంవత్సరం చివరిదాకా ఇది వర్తిస్తుంది. అంతకుముందు లుకియో, అంటే మన ఇంటర్ లాంటి చదువు చదివే పిల్లల తల్లిదండ్రులు పుస్తకాలకు మూడేళ్లలో వేల యూరోలు పెట్టేవాళ్లు. ఆ భారం పోయింది. ఈ మార్పుకు ఏటా 12.9 కోట్ల యూరోలు అవుతుందని అప్పట్లో లెక్కగట్టారు.

ఇంత మంచి చెప్పాక చెడు దాచకూడదు. పదహారు దాటాక ఫిన్లాండ్ చెయ్యి కొంచెం బిగుస్తుంది. ముఖ్యంగా వృత్తి విద్యలో. 2017లో ఒక్క ఏడాదే 19 కోట్ల యూరోలు కోత పెట్టారు. టీచర్లు తగ్గారు, క్లాసులో కూర్చుని నేర్చుకునే గంటలు తగ్గాయి. స్వయంగా చదువుకోగలిగినవాళ్లు నెట్టుకొస్తారు. భాష సరిగా రాని పిల్లలకు ఆ కోత బాగా తగిలింది. ఇంకొకటి బిల్డింగులు. తేమ, బూజు పట్టి గాలి చెడిపోయిందని స్కూళ్లు మూసి, పిల్లల్ని తాత్కాలిక షెడ్లలోకి మార్చడం ఫిన్లాండ్‌లో ఏళ్లుగా నడుస్తున్న సమస్య.

జర్మనీ డబ్బు ఎక్కడ పడుతుంది

జర్మనీలో మొదటి పెద్ద ఖర్చు జీతాలు. ఓఈసీడీ దేశాల్లో టీచర్లకు ఎక్కువ జీతం ఇచ్చే రెండు మూడు దేశాల్లో జర్మనీ ఒకటి. ఫిన్లాండ్ స్కూలు టీచర్లకు సాధారణంగా మాస్టర్స్ డిగ్రీ ఉంటుంది గానీ జీతం అంత ఉండదు. అంటే అదే వంద యూరోలకు ఫిన్లాండ్ ఎక్కువమందిని పెట్టుకుంటుంది, జర్మనీ తక్కువమందిని పెట్టుకుని ఎక్కువ ఇస్తుంది. అంత ఇచ్చినా టీచర్ల కొరత తీరలేదు. వేరే వృత్తుల నుంచి వచ్చినవాళ్లను తీసుకుని, పని చేస్తుండగానే శిక్షణ ఇస్తున్న రాష్ట్రాలు చాలా ఉన్నాయి.

బిల్డింగుల సంగతి బాధాకరం. అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ఏటా మున్సిపాలిటీలను సర్వే చేస్తుంది. స్కూళ్లకు చేయాల్సి ఉండీ చేయని పనుల విలువ 2024లో వచ్చిన సర్వేలో 5,480 కోట్ల యూరోలు, 2025లో వచ్చినదాంట్లో 6,780 కోట్ల యూరోలు. ఇంత ధనిక దేశంలో స్కూలు టాయిలెట్ల గురించి పిల్లలూ తల్లిదండ్రులూ నిరసనలు చేయాల్సి వస్తోంది. స్కూలు చూడటానికి వెళ్తే టాయిలెట్లు కూడా చూపించమని అడగండి, మొహమాటపడొద్దు. ఆ మున్సిపాలిటీ దగ్గర డబ్బుందో లేదో తెలుస్తుంది.

భోజనం చాలాచోట్ల మనమే కట్టుకోవాలి. బెర్లిన్‌లో 1 నుంచి 6వ తరగతి దాకా 2019 నుంచి ఉచితం, ఆ పైన కాదు. పుస్తకాలకు కొన్ని రాష్ట్రాల్లో తల్లిదండ్రుల వాటా ఉంటుంది. క్లాసుతో కలిసి వారం రోజులు వెళ్లే టూర్లకు కట్టాలి. యూనివర్సిటీ వైపు తీసుకెళ్లే సెకండరీ స్కూలు గిమ్నాజియుంలో లెక్కలకు పనికొచ్చే కాలిక్యులేటరో, టాబ్లెటో కొనాలి. మధ్యాహ్నానికే బడి వదిలేసే పాత అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది కాబట్టి ప్రైవేటు ట్యూషన్ల ఖర్చు తగులుతుంది. దీనికి బదులుగా ప్రభుత్వం పిల్లల అలవెన్సు రూపంలో నేరుగా మన ఖాతాలో వేస్తుంది. 2025లో ఒక్కో బిడ్డకు నెలకు 255 యూరోలు. 18 ఏళ్ల దాకా వస్తుంది, చదువుతూనో శిక్షణలోనో ఉంటే 25 దాకా వస్తుంది. ఫిన్లాండ్‌లో మొదటి బిడ్డకు నెలకు వంద యూరోల లోపే, అదీ 17 నిండేదాకానే. స్కూలు బడ్జెట్‌ను మాత్రమే పోల్చి ఈ మొత్తాన్ని మరిచిపోతే జర్మనీకి అన్యాయం చేసినట్టే.

ఇక పదహారు దాటాక జర్మనీ అసలు బలం బయటపడుతుంది. దాన్ని అవుస్‌బిల్డుంగ్ అంటారు. పిల్లవాడు ఒక కంపెనీతో ఒప్పందం చేసుకుంటాడు. వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పని నేర్చుకుంటాడు, ఒకటి రెండు రోజులు వృత్తి స్కూలుకు వెళ్తాడు. రెండు నుంచి మూడున్నరేళ్లు. మెకట్రానిక్స్, ల్యాబ్ టెక్నీషియన్, బ్యాంకు పని, సాఫ్ట్‌వేర్ దాకా 330 దాకా వృత్తులున్నాయి. నెల నెలా జీతం వస్తుంది. 2025లో చేరినవాళ్లకు మొదటి ఏడాది చట్టప్రకారం కనీసం 682 యూరోలు.

ఖర్చు పోలికలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే. వృత్తి స్కూలు ఖర్చు ప్రభుత్వానిది. వర్క్‌షాపు, శిక్షకుడు, జీతం కంపెనీవి. 2017–18లో జరిగిన ఒక అధ్యయనం ప్రకారం ఒక్కో అప్రెంటిస్ మీద కంపెనీ ఏడాదికి సుమారు 20,900 యూరోలు పెట్టింది. వాళ్లు చేసిన పని విలువ తీసేస్తే నికరంగా పడింది 6,500 దాకా. అందువల్ల జర్మనీ పై సెకండరీ మొత్తం ఖర్చులో ప్రైవేటు వాటా పెద్దది. ప్రభుత్వ ఖర్చు మాత్రమే చూస్తే జర్మనీ తక్కువ పెడుతున్నట్టు అనిపిస్తుంది. మొత్తం చూస్తే ఎక్కువ. పిల్లవాడికి రెండూ ఒకటే, వాడి చేతికి అందేది రెండూ కలిపే. ఒక్క తేడా ఉంది. కంపెనీ డబ్బు రావాలంటే ముందు ఏదో ఒక కంపెనీ వాణ్ణి తీసుకోవాలి, దానికి జర్మన్ భాష బాగా రావాలి.

పదేళ్లకే దారులు వేరయ్యే సంగతి

డబ్బు లెక్కలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో 4వ తరగతి చివర్లో పిల్లలు వేరు వేరు స్కూళ్లకు విడిపోతారు. యూనివర్సిటీ వైపు తీసుకెళ్లేది గిమ్నాజియుం, మధ్యస్థంగా రియల్‌షూలె, పని నేర్చుకునే దారిలో ఉండేది హౌప్ట్‌షూలె. మ్యూనిక్ ఉన్న బవేరియాలో ఇది కఠినం. 4వ తరగతిలో మే నెలలో ఇచ్చే సర్టిఫికెట్‌లో జర్మన్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం మూడింటి సగటు గిమ్నాజియుంకు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా, రియల్‌షూలెకు 2.66 ఉండాలి. అక్కడ 1 అంటే అన్నిటికన్నా మంచి మార్కు. తొమ్మిదేళ్ల వయసులో భాష రాకుండా దిగిన పిల్లకు ఏడాదిలో ఆ మార్కు తెచ్చుకోవడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. తెలివి ఉండీ కేవలం భాష వల్ల కింది దారిలో పడిన పిల్లల గురించి ఆలోచిస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. తర్వాత పైకి మారడానికి దారులున్నాయి, చాలామంది మారతారు కూడా. కానీ ఆ ఏళ్లు తిరిగిరావు.

హాంబర్గ్, బెర్లిన్ ఈ విషయంలో చాలా నయం. గిమ్నాజియుం ఒకటి, దానితోపాటు అందరూ కలిసి చదివే స్కూలు ఇంకొకటి, రెండే రకాలు. రెండో దాంట్లో చదివినా చివరికి యూనివర్సిటీకి అర్హత ఇచ్చే అబిటూర్ పరీక్ష రాయవచ్చు. ఖర్చు జాబితాలో కూడా పైన ఉన్నవి ఈ రెండు నగరాలే అని ఇందాకే చెప్పాను.

ఫిన్లాండ్‌లో 16 ఏళ్ల దాకా ఎవర్నీ విడదీయరు. 9వ తరగతి తర్వాత మార్కులను బట్టి లుకియోకో, వృత్తి విద్యకో వెళ్తారు.

ఫలితాలు, వలస పిల్లలు

పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో ఓఈసీడీ పెట్టే పీసా పరీక్షలతో 2000 తర్వాత ఫిన్లాండ్ పేరు మోగిపోయింది. 2006లో లెక్కల్లో 548 వచ్చింది. 2022లో 484. జర్మనీకి 475, ఓఈసీడీ సగటు 472. చదవడంలో ఫిన్లాండ్‌కు 490, జర్మనీకి 480. సైన్స్‌లో మాత్రం 511, 492. అంటే ఫిన్లాండ్ ఇప్పటికీ ముందే ఉంది, కానీ ఇరవై ఏళ్ల కిందటి పేరు చూసి వెళ్తే నిరాశపడతారు.

మనకు అంతకన్నా ముఖ్యమైన విషయం వేరే ఉంది. స్థానిక పిల్లలకూ వలస కుటుంబాల పిల్లలకూ మధ్య మార్కుల తేడా ఓఈసీడీలో అతి ఎక్కువగా ఉన్న దేశాల్లో ఫిన్లాండ్ ఒకటి. జర్మనీలోనూ ఆ తేడా పెద్దదే. ఇంత డబ్బు పెట్టే రెండు దేశాలూ దీన్ని పూడ్చలేకపోయాయి. శరణార్థులుగా వచ్చినవాళ్లూ, చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలూ అందరూ కలిసిన సగటు అది, కాబట్టి మన పిల్లలకు అచ్చంగా అలాగే జరుగుతుందని కాదు. కానీ ఫిన్నిష్ కష్టమైన భాష, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

కొత్తగా వచ్చిన పిల్లలకు ఫిన్లాండ్‌లో సుమారు ఏడాదిపాటు సన్నాహక తరగతి ఉంటుంది. ఆ తర్వాత ఫిన్నిష్‌ను రెండో భాషగా చెబుతారు. ఇంట్లో మాట్లాడే భాషను వారానికి రెండు గంటలు బడిలో చెప్పించడానికి కేంద్రం మున్సిపాలిటీకి గ్రాంటు ఇస్తుంది. ఆ భాష పిల్లలు కనీస సంఖ్యలో ఉండాలి, టీచరు దొరకాలి. తెలుగు కుటుంబాలు నాలుగు కలిసి అడిగితే దరఖాస్తుకు బలం ఉంటుంది. జర్మనీలో కొత్త పిల్లలకు బెర్లిన్‌లో స్వాగత తరగతులు, బవేరియాలో జర్మన్ తరగతులు ఉన్నాయి. వాటి నాణ్యత స్కూలును బట్టి మారుతుంది.

ఇంగ్లీషు మీడియం తప్పనిసరి అనుకునేవాళ్లకు ఒక మాట. ఎస్పో ఇంటర్నేషనల్ స్కూల్ లాంటి మున్సిపల్ స్కూళ్లు ఫిన్లాండ్‌లో ఫీజు లేకుండా ఇంగ్లీషులో చెబుతాయి. ప్రవేశానికి పరీక్ష ఉంటుంది, సీట్లు తక్కువ. జర్మనీలో అలాంటి ప్రభుత్వ స్కూళ్లు ఇంకా తక్కువ. ప్రైవేటు ఇంటర్నేషనల్ స్కూలుకు ఏడాదికి పదిహేను, ఇరవై వేల యూరోలు కడితే ఈ ప్రభుత్వ ఖర్చు లెక్కలన్నీ మీకు అక్కరకు రావు.

మరి ఎవరికి ఏది?

పిల్లలకు ఏడెనిమిదేళ్లు అయితే రెండు దేశాల్లో ఏదైనా సరే. భాష పట్టుకోడానికి సమయం ఉంది. ఉద్యోగం ఎక్కడ బాగుంటే అక్కడికి వెళ్లండి.

తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్య అయితే బవేరియా ఆఫర్ దగ్గర ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. జీతం బాగున్నా సరే. అదే కంపెనీకి బెర్లిన్‌లోనో హాంబర్గ్‌లోనో ఆఫీసు ఉంటే అడిగి చూడండి. ఫిన్లాండ్ ఆఫర్ ఉంటే ఈ వయసుకు నేను దానివైపే మొగ్గుతాను. సన్నాహక ఏడాది ముగిసేసరికి, ఆ దేశం అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పెట్టే మూడేళ్లు ముందుంటాయి.

పన్నెండు, పదమూడు అయినా ఫిన్లాండే. పాఠాల్లో వెనకబడే పిల్లలు, డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది) లాంటివి ఉన్న పిల్లలు అయితే ఇంకా గట్టిగా చెబుతాను. బడిలో చేయి పట్టుకునే పెద్దవాళ్ల సంఖ్య అక్కడే ఎక్కువ.

పద్నాలుగు, పదిహేను అయితే లెక్క మారుతుంది. ఫిన్లాండ్ ఎక్కువ పెట్టే ఏళ్లు మీరు వెళ్లేసరికి అయిపోవస్తాయి. ఫిన్నిష్ రాకుండా 9వ తరగతి మార్కులతో లుకియో సీటు దొరకడం కష్టం. 2022లో మొదలైన తువా అనే ఏడాది సన్నాహక కోర్సు ఉంది, అది ఉపయోగపడుతుంది. జర్మనీలో ఈ వయసు పిల్లలకు, ముఖ్యంగా చేతిపని, యంత్రాలు, కంప్యూటర్లు ఇష్టమున్నవాళ్లకు దారి విశాలంగా ఉంటుంది. రెండేళ్లు భాష మీద కూర్చుని పదో తరగతి సర్టిఫికెట్ తెచ్చుకుంటే అవుస్‌బిల్డుంగ్‌లో చేరొచ్చు. "మా అబ్బాయి ఇంజినీరింగ్ చదవాలి గానీ ఫ్యాక్టరీలో పనేంటి" అనుకునే తల్లిదండ్రులు మనలో చాలామంది ఉంటారు. ఆ శిక్షణ తర్వాత ఇంజినీరింగ్ కాలేజీకి వెళ్లే దారి జర్మనీలో ఉంది, వెళ్తున్నవాళ్లూ ఉన్నారు.

ఇండియాలో పదో తరగతి అయిపోయి, రెండేళ్లలో యూనివర్సిటీకి వెళ్లాలనుకునే పిల్లలైతే రెండు దేశాల్లోనూ మధ్యలో దిగడం మంచిది కాదు. ఇంటర్ ఇక్కడే పూర్తి చేయించండి, లేదా ఐబీ అనే అంతర్జాతీయ కోర్సు ఉన్న స్కూల్లో సీటు చేతికొచ్చాకే కదలండి.

ఆఫర్ మీద సంతకం పెట్టేముందు వెళ్లబోయే ఊరి విద్యా శాఖకు ఒక ఈమెయిల్ రాయండి. కొత్త పిల్లల భాషా తరగతిలో ఎంతమంది ఉన్నారు, చేరడానికి ఎన్నాళ్లు వేచి ఉండాలి, అక్కడి నుంచి మామూలు తరగతికి మార్చేది ఎవరు, ఏ ఆధారంతో అని అడగండి. జర్మనీ అయితే ఆ ప్రాంతంలో ఏ ఏ రకాల సెకండరీ స్కూళ్లు ఉన్నాయో, పుస్తకాలకూ భోజనానికీ మనం కట్టేదెంతో కలపండి. ఫిన్లాండ్ అయితే ఆ బడి ప్రస్తుతం సొంత బిల్డింగులో నడుస్తోందా, తాత్కాలిక షెడ్లలోనా అని, తెలుగు తరగతికి ఎంతమంది పిల్లలు కావాలి అని అడగండి. ఇంగ్లీషులో రాస్తే చాలు, రెండు చోట్లా జవాబు వస్తుంది.